హోసూరులో పన్నెండు టెంకాయలు

మా ఇంట్లో పదిహేనేళ్ళుగా ఒక తగవు నడుస్తూ ఉంది. పాస్తా మీద చల్లుకునే గట్టి చీజు తురిమి డబ్బాలో పోసి అమ్మేది కొనాలా, ముక్క కొని ఎప్పటికప్పుడు తురుముకోవాలా అని. నేను ముక్క పక్షం. మా శ్రీమతి డబ్బా పక్షం. మన పత్రిక చదివే ఇళ్ళల్లో ఇలాంటి తగవులు తక్కువేమీ ఉండవనుకుంటాను. మాది కొంతలో కొంతైనా తేలింది న్యూజెర్సీలో కాదు, హోసూరులో మా పెద్దమ్మ వంటింట్లో. అది చెప్పాలంటే ముందు ఊరి సంగతి చెప్పాలి.

బెంగళూరు నుంచి హోసూరు 40 కిలోమీటర్లు. చిన్నప్పుడు సెలవులకు వెళ్తుంటే అత్తిబెలెతో కర్ణాటక అయిపోయి, జూజువాడి దగ్గర తమిళనాడు మొదలయ్యేది. బోర్డుల మీద లిపి మారేది గాని బస్సులో మాట మారేది కాదు. కన్నడ బోర్డు కిందా తెలుగే, తమిళ బోర్డు కిందా తెలుగే. మొరసునాడని పెద్దలు పిలుచుకునే నేల ఇది. పెద్దమ్మ కాపురానికి వచ్చినప్పుడు హోసూరు సేలం జిల్లాలో ఉండేది. 1965లో ధర్మపురి జిల్లాలోకి పోయింది. 2004లో కృష్ణగిరి జిల్లా అయింది. పెద్దమ్మ మాత్రం గడప దాటకుండానే మూడు జిల్లాలు చూసింది.

1970ల్లో సిప్‌కాట్ పారిశ్రామికవాడ మొదలయ్యాక ఊరి ముఖం మారిపోయింది. అశోక్ లేలాండ్ లారీలు, టీవీఎస్ మోటారు బండ్లు, టైటాన్ గడియారాలు ఇక్కడివే. రాగిచేలు ఇళ్ళ స్థలాలయ్యాయి, పందిళ్ళ కింద గులాబీలు పెరిగి ఓడరేవులకూ విమానాలకూ పోతున్నాయి. మారనిది ఊరి నడుమ కొండ మీద చంద్రచూడేశ్వరుడి గుడి. పెద్దమ్మ మొన్నమొన్నటి వరకూ సోమవారం సోమవారం మెట్లెక్కి టెంకాయ కొట్టించుకుని వచ్చేది. ఆ రెండు చిప్పలే మంగళవారం చట్నీ, బుధవారం కూరలోకి మసాలా. మన వంటలో టెంకాయ ముందు దేవుడి దగ్గర పగిలి ఆ తర్వాతే తురుమయ్యేది.

ఈ సంక్రాంతి దాటిన వారానికి మా పెద్దనాయన సంవత్సరీకం వచ్చింది. అందుకే వెళ్ళాను. ఆయన మత్తిగిరి పశువుల ఫారంలో గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషి. కుంఫిణీ వాళ్ళు 1824లో సైన్యం గుర్రాల కోసం పెట్టి, తర్వాతి కాలంలో ఆవులకూ ఎద్దులకూ మార్చిన ఫారం అది. పాల లెక్కలు రాసీ రాసీ, ఎవరింటికి పోయినా కాఫీ నోట్లో పోసుకోగానే పాలలో నీళ్ళెంతో చెప్పేవాడు. ఆయన్ను తలుచుకునే, బెంగళూరులో దిగిన రోజున ఒక గట్టి చీజు ముక్క కొన్నాను. పచ్చచుక్క ఉన్నదే చూసి కొన్నాను. ఎందుకంటే ఇటలీ పార్మిజానో రెజియానోలో పాలు విరగడానికి లేగదూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడితీరాలి, అది వాళ్ళ నియమం. ఆ సంగతి తెలిస్తే పెద్దమ్మ దాన్ని గుమ్మం లోపలికి రానివ్వదు. మన దేశంలో పచ్చచుక్కతో అమ్మే చీజులకు జంతువు నుంచి తీయని రెన్నెట్ వాడతారు.

పెద్దమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని గోటితో గీరి చూసింది. "ఇది సబ్బా, సున్నమా?" అంది. తురుముకుని తినేదని చెప్తే, కత్తిపీట ముందుకు లాగి, ముక్కు దగ్గరున్న పళ్ళకు ఆనించింది. టెంకాయ చిప్పకైతే ఆ గుండ్రం సరిపోతుంది గాని బల్లపరుపు ముక్కకు ఎట్లా? రెండుసార్లు జారింది. మూడోసారి నాలుగు పలుకులు రాలాయి. నోట్లో వేసుకుని, "మాగిన నెయ్యి వాసన. మీ పెద్దనాయన ఉంటే పాలెన్నో చెప్పేటోడు" అంది. చెప్పాను: ఇటలీలో 40 కిలోల చక్రం ఒక్కటి చేయడానికి సుమారు 550 లీటర్ల పాలు, తక్కువలో తక్కువ 12 నెలలు మాగపెట్టడం. పెద్దమ్మ నోరు తెరిచింది.

అసలు తగవు ఆ సాయంత్రం మొదలైంది. తిథికి నలభై మంది భోజనం. పెద్దనాయనకు ప్రాణమైనది శావిగలు, కాయిపాలు. పొద్దున్నే ఒత్తిన శావిగల మీద బెల్లం, యాలకులు వేసిన టెంకాయపాలు పోసుకుని తినడం. దాంతోపాటు ఈ చలికాలంలో మొరసునాడులో ఏ ఇంటికి పోయినా ఉండే పితికిపప్పు కూర. అనపకాయ గింజల్ని నానబెట్టి, ఒక్కొక్క గింజా పితికి పైతోలు తీసి చేసేది. అందులోకీ టెంకాయ నూరి వేయాల్సిందే. లెక్కేస్తే పన్నెండు కాయలు తేలాయి.

మా వదిన ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచే మనిషి. ఆమె ఫ్రిజ్‌లోంచి రెండు రకాల పాకెట్లు తీసి బల్ల మీద పెట్టింది. ఒకటి తడితురుము గడ్డకట్టించినది, రెండోది ఎండుతురుము. "అత్తకు మణికట్టు పట్టేసింది, కత్తిపీట మీద కూచుంటే లేవలేదు. నాకు సెలవు ఒక్కరోజే. పన్నెండు కాయలు తురిమేదెవరు?" అంది.

పెద్దమ్మ పాకెట్టు తిప్పి చూసింది. ఇంగ్లీషు, ఓ మూల తమిళం. ఆమె చదివింది హోసూరులో తెలుగు బడి. మనవడు చదివి వినిపించాడు. వాడికి తెలుగు మాటే గాని అక్షరం రాదు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం తర్వాత ఇక్కడి తెలుగు పిల్లల చదువు సంగతి వేరే పెద్ద కథ, మరోసారి రాస్తాను. వాడు తారీకులు, గ్రాములు అన్నీ చదివాక పెద్దమ్మ అంది:

"ఇదంతా వాళ్ళు చెప్పేది. కాయ ఏమి చెప్తాదో అది యాడ రాసుండాది?"

నాకు పట్టరాని ఉత్సాహం వచ్చింది. నేను పదిహేనేళ్ళుగా మా ఇంట్లో చెప్పేది ఇదే కదా! వదినను కూర్చోబెట్టి పాఠం చెప్పాను. సెంటీమీటరు ఘనం ఉన్న ముక్కకు గాలి తగిలేది 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే మిల్లీమీటరు ముక్కలు చేస్తే 60. తురమడమంటే పదిరెట్లు గాలికి అప్పగించడం. అందుకే తురిమిన టెంకాయ ఎండకాలం పూటలో పులుస్తుంది, తురిమిన చీజు వాసన వదిలేస్తుంది. డబ్బాలో ఉండకట్టకుండా సెల్యులోజ్ పొడి కలుపుతారు. అది మొక్కల పీచు, కొయ్యగుజ్జు నుంచీ తీస్తారు. తింటే హాని లేదు, అమెరికా నిబంధనలు ఒప్పుకున్నదే. కాకపోతే తురుము చుట్టూ ఆ పొడి అంటుకుని ఉంటుంది గనుక వేడి గంజిలో చక్కగా కరగక పలుకుపలుకుగా మిగులుతుంది.

ఇంకా చెప్పాను. పార్మిజానో చక్రం అంచు చుట్టూ చుక్కలతో దాని పేరే పొడిచి ఉంటుంది. ఎక్కడ కోసినా ఆ అంచు చెక్కుమీద పేరు కాస్త కనబడుతుంది. తురిమితే ఆ ముఖం పోతుంది. అందుకే ఇటలీవాళ్ళు ఆ పేరుతో తురుము అమ్మాలంటే ఏమీ కలపకూడదనీ, చెక్కు నూటికి 18 పాళ్ళకు మించకూడదనీ, తేమ 25కూ 35కూ మధ్య ఉండాలనీ కట్టడి చేసుకున్నారు. యూరప్‌లో పార్మెజాన్ అనే మాట కూడా ఆ చీజుకే చెందుతుందని 2008లో అక్కడి న్యాయస్థానం చెప్పింది. అమెరికాలో ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు, 10 నెలలు మాగితే చాలు.

వదిన అంతా విని, "మీ ఇంట్లో ఆ ముక్క తురిమేదెవరప్పా?" అంది.

నేను జవాబు చెప్పేలోగా అన్న పిలిచాడు. కావేరిపట్నం వైపు చుట్టాలను పిలవాలి, వాళ్ళ తోటలోనే కాయలు తెచ్చుకుందాం రమ్మన్నాడు. బతికిపోయాను అనుకున్నాను.

మర్నాడు పొద్దున బయలుదేరాం. హోసూరు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. శూళగిరి దాటి కృష్ణగిరి వైపు పోతూ ఉంటే నేల మెల్లగా దిగుతుంది. స్వెట్టరు ముందు బొత్తాలు ఊడతాయి, తర్వాత స్వెట్టరే ఊడుతుంది. 50 కిలోమీటర్ల దారిలో చెట్లూ మారతాయి. హోసూరు పక్క గులాబీ, క్యాబేజీ, రాగి. కిందికి దిగేకొద్దీ మామిడి. కృష్ణగిరి చేరేసరికి ఎటు చూసినా మామిడే, జనవరి కదా, పూత మీద ఉంది. ఊరి నెత్తిన కోట ఉన్న బండకొండ. 1792లో టిప్పు సుల్తాను బారామహలు వదులుకున్నాక అలెగ్జాండర్ రీడ్, అతని కింద థామస్ మన్రో ఈ సీమ శిస్తులు తిరగరాశారు. మన రాయలసీమ మన్రోను "మండ్రోలయ్య" అని తలుచుకుంటుంది, ఆయన రైతువారీ పాఠాలు నేర్చుకున్నది ఇక్కడే.

కృష్ణగిరి డ్యామ్ కట్ట మీద కాసేపు ఆగాం. నంది కొండల్లో పుట్టి, హోసూరు పక్క కెలవరపల్లి దగ్గర ఒకసారి ఆగి, ఇక్కడ మళ్ళీ ఆగే దక్షిణ పినాకిని. ఈ నీళ్ళే కింద కావేరిపట్నం పక్క కొబ్బరితోటలకు. హోసూరు చలిలో ఇంత కాపు కాయదు. హోసూరు చట్నీకి కావలసింది కృష్ణగిరి ఎండ.

డ్యామ్ దగ్గరే ఇంకో సంగతి తట్టింది. ఈ జిల్లాలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు ఎన్నో. తోతాపురి, ఆల్ఫాన్సో గుజ్జు డబ్బాల్లో మూసి విదేశాలకు పంపుతారు. న్యూజెర్సీలో మా ఇంట్లో లస్సీకి వాడేది ఆ డబ్బాయే. ముఖం లేని గుజ్జే, ముట్టె చూసింది లేదు, తొక్క వాసన చూసింది లేదు. దాని మీద ఏనాడూ నేను ఉపన్యాసం ఇవ్వలేదు! ఎందుకంటే మామిడిపండ్లు పిసికి గుజ్జు తీసే పని మా ఇంట్లో ఎవరికీ లేదు గనుక, అటు ఆలోచన పోలేదు. అన్నతో ఈ మాట అనలేదు. నవ్వుతాడని.

తోటలో చుట్టాలాయన కాయలు ఏరి ఇచ్చాడు. ఒక్కొక్కటీ చెవి దగ్గర ఊపి చూశాడు, మూడు కళ్ళ దగ్గర తడి, బూజు లేవని చూశాడు, వేలితో కొట్టి చూశాడు. రెండు పక్కన పెట్టేశాడు. నాకేమో అన్నీ ఒకేలా వినబడ్డాయి. 2025లో టెంకాయ ధర ఎగిరినప్పుడు ఇంట్లో కూడా లెక్కపెట్టి వాడుకున్నామని చెప్పాడు. అంత ధర చూశాక కూడా మా దగ్గర డబ్బు తీసుకోలేదు. పన్నెండుకు పన్నెండు, పైన దేవుడి దగ్గర కొట్టడానికి ఒకటి.

తిథికి ముందురోజు సాయంత్రం కత్తిపీట ముందు నేను కూర్చున్నాను. నా అంతట నేను కూర్చోలేదు. వదిన చాప వేసి, కాయలు కొట్టి, చిప్పలు బోర్లించి, "కూచోప్పా, తాజాది కావాలన్నావు గదా" అంది. పీట మీద ఒక కాలు వేసి ఆనుకుని కూర్చోవాలని కూడా నాకు తెలియదు. పెద్దమ్మ కుర్చీలోంచి చెప్తూ ఉంది. రెండు చేతుల్తో చిప్ప పట్టు. అదిమి కిందికి లాగు. అంచు నుంచి మొదలుపెట్టు, నడుమ గుంతపడనీయొద్దు. చిప్ప తిప్పుతా ఉండు. నల్లతోలు తగిలితే ఆపెయ్యి, పాలు రంగు మారతాయి.

మొదటి చిప్పకు పది నిమిషాలు పట్టింది. తురుము కాదు, ముక్కలు రాలాయి. మూడో చిప్పకు చేయి కుదిరింది. తెల్లగా, మెత్తగా, పూలు రాలినట్టు పడుతుంటే, ఆ వాసన... నిజం చెప్తున్నాను, పాకెట్టులో అది లేదు. అయిదో చిప్పకు భుజం పట్టేసింది. ఏడో చిప్ప దగ్గర బొటనవేలు పళ్ళకు తగిలింది. రక్తం తురుములో పడకుండా చేయి లాక్కున్నాను. పెద్దమ్మ పసుపు అద్దింది, మనవడు బ్యాండేజీ తెచ్చాడు. ఇంకా పదిహేడు చిప్పలు.

వదిన ఏమీ అనలేదు. ఆమె ఫ్యాక్టరీ నుంచి వచ్చి గంట కూడా కాలేదు. చీర కుచ్చిళ్ళు ఎగదోపి నా చోట కూర్చుని తురమడం మొదలుపెట్టింది. చిప్పకు రెండు నిమిషాలు. ఈ పీట మీద ఆమె పాతికేళ్ళుగా, అంతకుముందు పెద్దమ్మ ముప్పయ్యేళ్ళకు పైగా ఇలాగే కూర్చున్నారు. ఇన్నేళ్ళూ సెలవులకు వచ్చిపోతూ ఆ చట్నీ రుచిని పొగిడిన వాణ్ణే గాని, ఆ పీట ఎత్తెంతో నాకు ఆ రోజు దాకా తెలియదు.

ఇంకో నాలుగు చిప్పలు అయ్యాక పెద్దమ్మే, "చాల్లేమ్మా, లెయ్యి" అంది. "ఆయనకు కాయిపాలు తాజావి కావాల. అవి ఈ తురుముతో అయిపోతాయి. మొదటి పాలు, రెండో పాలు, మూడోదీ పిండు. కూరకు పాకెట్టు ఇప్పు. నూరి మసాలాలో ఏస్తే ఏది ఏదో నాకే తెలీదు."

"మరి తిథికి పాకెట్టుది..." అన్నాను నేను, వేలు పట్టుకుని.

"ఆకు మీద ఆయనకు పెట్టే కూర ఈ తురుముతో పిడికెడు ఏరే చేస్తా. తక్కిందంతా నమిలేది మనమే గదా, మనకేం రోగం?" అంది.

రుచి సంగతి కూడా నిజాయితీగా రాయాలి. పెద్దమ్మ చెప్పినట్టే అయింది. పచ్చి టెంకాయ గుజ్జులో సగానికి దగ్గరగా నీరే. ఎండుతురుములో నూటికి మూడు పాళ్ళు కూడా ఉండకూడదు, అప్పుడే అది నిలవ ఉంటుంది. వేన్నీళ్ళలో నానబెడితే తెల్లటి నీళ్ళు వస్తాయి గాని కాయిపాల తీపి రాదు. గడ్డకట్టించిన తడితురుము అంతకన్నా చాలా నయం, కూరలో నేను పోల్చుకోలేకపోయాను. మరోవైపు కారప్పొడికీ, నెల రోజులుండే ఉండలకూ పచ్చితురుము పనికేరాదు, అక్కడ ఎండుదే మేలు. చీజూ అంతే. వేడివేడి పాస్తాలో కరగాలంటే అప్పుడు తురిమిందే. పైన చల్లి ఓవెన్‌లో ఎర్రగా కాల్చేదానికి డబ్బాది చాలు. పదిహేనేళ్ళు నేను ఈ తేడా చెప్పకుండా, అన్నిటికీ ఒకటే మాట మీద నిలబడ్డాను.

తిథి బాగా జరిగింది. కాయిపాలు అందరికీ అందాయి. బెంగళూరు నుంచి తెచ్చిన చీజును మనవడు క్యారెట్ తురిమే పలక మీద తురిమి దోసె మీద చల్లుకున్నాడు. పెద్దమ్మ కూడా ఒక ముక్క తిని, "ఉప్పు ఎక్కువ" అంది. నేను బయలుదేరేటప్పుడు బజారుకు పోయి, బల్ల అంచుకు బిగించి పిడి తిప్పే టెంకాయ కోరు ఒకటి వదినకు కొనిచ్చాను. నేల మీద కూర్చోనక్కర్లేదు. వదిన రెండుసార్లు పిడి తిప్పి చూసి, "మంచిదేనప్పా. ఇంగ తిప్పే మనిషిని కూడా కొనిచ్చిపో" అంది. అన్న పక్కనే ఉన్నాడు. విన్నాడో లేదో తెలియదు.

న్యూజెర్సీ చేరాక మా శ్రీమతికి జరిగింది జరిగినట్టు చెప్పాను. వేలు కూడా చూపించాను. ఆమె అలమర తెరిచి చీజు ముక్క, తురిమే పలక తెచ్చి నా ముందు పెట్టి, తను పోయి సోఫాలో కూర్చుంది. ఇప్పటికి మూడు నెలలు, పాస్తా రోజున తురిమేది నేనే. తురుమడం మరిచిపోయిన రోజుకని డబ్బా కూడా అలమరలో ఉంచింది. ఇప్పటికి సగం అయింది.